బాగున్న రోజుల్లోనే వెతుక్కోవాలి: బైపోలార్ ఉన్నవారికి తగిన థెరపిస్టు

(మార్చి 30, ప్రపంచ బైపోలార్ దినం సందర్భంగా పాలకొల్లులో జరిగిన రోగుల, కుటుంబ సభ్యుల సమావేశంలో ఒక క్లినికల్ సైకాలజిస్టు చేసిన ప్రసంగ పాఠం)

సభలో ఉన్న పెద్దలందరికీ, ముఖ్యంగా ఇంట్లోవాళ్లకు ఏదో పనుందని చెప్పి ఇక్కడికి వచ్చినవారికి నమస్కారం. మన దగ్గరలో మంచి థెరపిస్టు ఎవరో చెప్పమని ఈ సమావేశం ఏర్పాటు చేసినవారు నన్ను అడిగారు. నేనూ అదే వృత్తిలో ఉన్నవాణ్ణి కాబట్టి, ఒకరి పేరు చెబితే సిఫారసు అంటారు, చెప్పకపోతే అసూయ అంటారు. అందుకని పేర్ల జోలికి వెళ్లను. కొన్నాళ్లు మితిమీరిన హుషారు, కొన్నాళ్లు తీవ్రమైన దిగులు దశలుగా వచ్చే ఈ బైపోలార్ జబ్బుతో జీవిస్తున్న మనిషి మాలాంటివారి గదిలోకి వచ్చినప్పుడు మమ్మల్ని ఎలా పరీక్షించుకోవాలో, ఆ పరీక్ష ఏ రోజుల్లో పెట్టుకోవాలో చెబుతాను. ఏ రోజుల్లో అన్న దానికే నేను ఎక్కువ ప్రాధాన్యం ఇస్తాను.

బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ ఆధ్వర్యంలో 2015-16లో 12 రాష్ట్రాలలో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, పెద్దవారిలో జీవితకాలంలో ఎప్పుడైనా ఈ జబ్బు బారిన పడినవారు 0.5 శాతం, అంటే 200 మందికి ఒకరు. ఆ 12 రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ లేదు కాబట్టి ఆ లెక్కను మన జిల్లాలకు అచ్చంగా అన్వయించలేము గాని, ఉజ్జాయింపుగా చూసినా పది వేల జనాభా ఉన్న ఊరిలో, పిల్లలను మినహాయించాక కూడా, ముప్పై మందికి పైగా ఉండాలి. మన వైపు పది వేల జనాభా అంటే పెద్ద ఊరేమీ కాదు. ఈ జబ్బు ఉన్నవారిలో సుమారు 70 శాతం మందికి చికిత్స అందడం లేదని అదే సర్వే తేల్చింది. మా ఊళ్లో మా అబ్బాయి ఒక్కడికే ఇలా అయిందని ఎవరైనా అనుకుంటూ ఉంటే, మిగిలిన కుటుంబాలు కూడా సరిగ్గా ఆ మాటే అనుకుంటూ తలుపు వేసుకుని కూర్చున్నాయని గ్రహించాలి.

ఎవరు ఏం చేస్తారో ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. సైకియాట్రిస్టు అంటే ఎం.బి.బి.ఎస్. తరవాత ఆ విభాగంలో ఎం.డి.గాని, డి.ఎన్.బి.గాని, డిప్లొమాగాని పూర్తిచేసిన వైద్యుడు. మందు రాసేది ఆయనే. మన పల్లెల్లో నరాల డాక్టరు దగ్గరికని చెప్పి వెళ్లేది కూడా చాలాసార్లు ఆయన దగ్గరికే. క్లినికల్ సైకాలజిస్టు మందు రాయరు. రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన ఎం.ఫిల్. వంటి శిక్షణ పొంది, ఆ కౌన్సిల్ రిజిస్టరులో తన పేరు నమోదు చేయించుకుని, మాటల ద్వారా, సాధన ద్వారా చికిత్స చేస్తారు. ఆ రిజిస్ట్రేషన్ నంబరు అడగడం అమర్యాద కాదు. నన్ను అడిగినవారు ఎవరూ లేరు, అది వేరే సంగతి. మనోరోగ విభాగాలలో పనిచేసే సైకియాట్రిక్ సోషల్ వర్కర్లు, శిక్షణ పొందిన నర్సులు కూడా కుటుంబాలతో ఎంతో విలువైన పని చేస్తారు. కౌన్సెలర్ అన్న బోర్డు మాత్రం ఏ కొద్ది వారాల కోర్సు చేసినవారైనా పెట్టుకుంటున్నారు. పరీక్షల భయానికో, ఆలుమగల తగాదాకో అలాంటివారి సలహా పనికి రావచ్చు గాని, బైపోలార్‌కు అది చాలదు. ఎందుకంటే ఈ జబ్బులో ఓదార్పు మాటలు చెప్పడం తేలిక, జబ్బు ఏ దిక్కుగా కదులుతున్నదో ముందుగా పసిగట్టడం కష్టం. ఇంకొక సంగతి మొదటే చెప్పి ముందుకు వెళతాను. నేను ఇక్కడ చెప్పే థెరపీ అంతా మందులతో పాటు చేయవలసినదే గాని, మందులు మానేసి చేయవలసినది కాదు.

ఇప్పుడు అసలు చిక్కు. మా దగ్గరికి బైపోలార్ ఉన్నవారు దాదాపుగా దిగులు రోజుల్లోనే వస్తారు. ఇందులో వారి తప్పు లేదు, జబ్బు స్వభావమే అది. అమెరికాలో బైపోలార్ ఒకటో రకం (హుషారు పూర్తిగా అదుపు తప్పే మేనియా దాకా వెళ్లేది) ఉన్నవారి స్థితిని సగటున 12 సంవత్సరాలకు పైగా వారం వారం లెక్క కట్టి 2002లో ప్రచురించిన పరిశీలనలో, డిప్రెషన్ లక్షణాలతో గడిచిన వారాలు 32 శాతం ఉండగా, మేనియా లేదా హైపోమేనియా (అంతకన్నా తేలికపాటి హుషారు) లక్షణాలతో గడిచినవి 9 శాతమే. అదే బృందం రెండో రకం (హుషారు హైపోమేనియాను దాటనిది) వారిని పరిశీలిస్తే దిగులు వారాలు సుమారు సగం, హుషారు వారాలు ఒక శాతానికి కాస్త ఎక్కువ. పైగా ఆ ఒక శాతం రోజులను రోగి జబ్బుగా గుర్తుపెట్టుకోడు. వ్యాపారం బాగా నడిచిన రోజులుగా, తెల్లవార్లూ చదవగలిగిన రోజులుగా, నలుగురిలో నవ్వులు పూయించిన రోజులుగా గుర్తుంచుకుంటాడు. "అలాంటి రోజులు మళ్లీ వస్తే చాలండీ" అని నాతో అన్నవారు ఎందరో ఉన్నారు. దిగులు గురించి మాత్రమే విని దిగులుకు మాత్రమే చికిత్స మొదలుపెడితే, కొందరిలో డిప్రెషన్ మందు ఒక్కటే ఇచ్చినప్పుడు అది మనిషిని మేనియాలోకి నెట్టే ప్రమాదం ఉంది. అమెరికాలో ఒక రోగుల సంఘం 2000లో జరిపిన సర్వేకు జవాబిచ్చిన బైపోలార్ రోగులలో 69 శాతం మంది తమకు మొదట వేరే జబ్బు పేరు చెప్పారని, మూడో వంతుకు పైగా అసలు పేరు తెలియడానికి పదేళ్లో అంతకన్నా ఎక్కువో పట్టిందని చెప్పారు.

కాబట్టి మీరు మొదటిసారి వెళ్లినప్పుడు చూడవలసినది, ఆ థెరపిస్టు మీ హుషారు రోజుల గురించి తనంతట తాను అడుగుతున్నారా లేదా అన్నది. మీరు ఏడుస్తూ కూర్చున్నా సరే, కన్నీళ్లు తుడుచుకున్నాక ఎప్పుడైనా నాలుగు రోజులు వరుసగా తక్కువ నిద్రతోనే అలసట లేకుండా తిరిగారా, అప్పుడు మాటల వేగం ఎలా ఉంది, డబ్బు ఎలా ఖర్చయింది, అప్పుడు ఇంట్లోవాళ్లు మీ గురించి ఏమన్నారు అని అడగాలి. నాలుగు రోజులు అని ఊరికే అనలేదు. డాక్టర్లు వాడే నిర్వచనంలో హైపోమేనియాకు కనీసం నాలుగు రోజులు, మేనియాకు కనీసం వారం, ఆసుపత్రిలో చేర్చవలసి వస్తే అంతకన్నా తక్కువ రోజులైనా సరే. రెండు మూడు సిట్టింగులు గడిచినా ఈ ప్రశ్న రాలేదంటే ఆయన ఎంత మృదువుగా మాట్లాడినా, ఎంత ఓపికగా విన్నా, మీ జబ్బులో సగమే చూస్తున్నారు.

ఒక ఉదాహరణ చెబుతాను. ఊరు, వివరాలు మార్చాను. కాలువ కింద పొలాన్ని రొయ్యల చెరువుగా మార్చుకున్న ఒక రైతును ఆయన భార్య తీసుకొచ్చారు. రెండు నెలలుగా చెరువు గట్టు ఎక్కడం లేదు, మేత లెక్క చూడడం లేదు, ఎవరైనా పలకరిస్తే కళ్లనీళ్లు. పంటలో నష్టం వచ్చింది కాబట్టి దిగులని ఊరంతా అనుకుంది, మొదట చూసినవారూ అలాగే అనుకున్నారు. ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, ఈ నష్టానికి ముందు ఏం జరిగిందో అడుగుతూ పోతే, సంక్రాంతి ముందు మూడు వారాల పాటు ఆయన రాత్రి రెండు గంటలే పడుకున్నారని, ఎన్నడూ ఎవరి దగ్గరా చేయి చాచని మనిషి వడ్డీకి తెచ్చి మరో రెండు చెరువులు కౌలుకు తీసుకున్నారని, పందేల బరిలో ఎన్నడూ లేనిది పై పందేలు కాశారని, వద్దన్న బావమరిదిని నలుగురిలో తిట్టారని బయటపడింది. నష్టం వచ్చి దిగులు పుట్టిందని అందరూ అనుకున్నది నిజానికి తలకిందులైన వరస. ముందు హుషారు వచ్చింది, ఆ హుషారు అప్పు తెచ్చింది, ఆ తరవాత దిగులు వచ్చింది.

ఇక్కడ మన ప్రాంతం తెలిసిన థెరపిస్టుకు ఒక సౌకర్యం, ఒక ప్రమాదం రెండూ ఉన్నాయి. గోదావరి జిల్లాలలో కౌలుకు తెగించడం జబ్బు కాదు, పండగ మూడు రోజులూ పందెం కాయడం జబ్బు కాదు, నాలుగు మాటలు ఎక్కువ మాట్లాడడం అసలే జబ్బు కాదు. అదే లక్షణమైతే ఈ సభలో ఎవరమూ మిగలం. బయటి ఊరి థెరపిస్టు మామూలు తెగింపును మేనియాగా పొరబడవచ్చు, ఊరివాడైన థెరపిస్టు మేనియాను మామూలు తెగింపుగా కొట్టిపారేయవచ్చు. మనిషిని ఊరితో పోల్చకుండా అతనితోనే పోల్చి చూడాలి. నిన్నటి వరకు ఇలా లేని మనిషి నిద్ర, మాట, ఖర్చు, కోపం అన్నిట్లోనూ ఒకేసారి మారి, ఆ మార్పు రోజుల తరబడి నిలిచిందా అన్నది తెలిసినవారిని అడిగి తేల్చుకోవాలి. అమ్మవారు పూనడం, దీక్షలు, ఉపవాసాలు వంటి వాటి విషయంలోనూ అంతే. వాటిని ఎగతాళి చేసేవారి దగ్గర మీరు నోరు విప్పలేరు, అన్నిటినీ భక్తిగా సరిపెట్టే వారి దగ్గర జబ్బు దాక్కుంటుంది.

ఇక ఏ పద్ధతిలో చికిత్స చేస్తారు అన్న ప్రశ్న. బైపోలార్‌కు పనిచేస్తాయని పరీక్షల్లో తేలిన పద్ధతులు కొన్నే ఉన్నాయి. కుటుంబాన్ని కూడా కూర్చోబెట్టి చేసే చికిత్స, దినచర్యను క్రమబద్ధం చేసే చికిత్స, ఆలోచనలనూ ప్రవర్తననూ సరిచేసుకునే సి.బి.టి., జబ్బు గురించి బృందంగా కూర్చుని నేర్చుకునే శిక్షణ అన్నవి వాటిలో ముఖ్యమైనవి. అమెరికాలో డిప్రెషన్ దశలో ఉండి మందులు వాడుతున్న 293 మంది బైపోలార్ రోగులపై జరిగి 2007లో వెలువడిన పరిశోధనలో, మందులతో పాటు మొదటి మూడు పద్ధతులలో ఏదో ఒకటి తొమ్మిది నెలల పాటు గట్టిగా అందుకున్నవారిలో ఏడాది చివరికి 64 శాతం మంది కోలుకున్నారు. క్లుప్తంగా మూడు సిట్టింగులే పొందినవారిలో 52 శాతం లోపే కోలుకున్నారు. బార్సిలోనాలో 120 మందితో జరిగి 2003లో వెలువడిన బృంద శిక్షణ పరిశోధన నాకు మరీ ఇష్టం. 21 సిట్టింగుల ఆ శిక్షణలోకి చేర్చుకున్నవారందరూ అప్పటికి కనీసం ఆరు నెలలుగా బాగున్నవారే. బ్రిటన్‌లో సి.బి.టి.పై 2006లో వెలువడిన పరిశోధన మరో సంగతి చెప్పింది. మొత్తం మీద పెద్ద ప్రయోజనం కనబడలేదు గాని, జబ్బు అప్పటికి పన్నెండుసార్ల కన్నా తక్కువ తిరగబెట్టినవారికి మాత్రం పనికొచ్చింది. ఇంకో రెండుసార్లు చూద్దాం అని వాయిదా వేసేవారు ఈ ఫలితాన్ని గుర్తుంచుకోవాలి.

మీరు ఏ పద్ధతి వాడతారు అని థెరపిస్టును అడగండి. పేరు చెప్పకపోయినా పరవాలేదు, పని ఏమిటో మీకు అర్థమయ్యే తెలుగులో చెప్పగలగాలి. కూర్చుని మాట్లాడుకుందాం, మనసు తేలికవుతుంది అన్న జవాబు మాత్రమే వస్తే అది చాలదు.

ఈ పద్ధతులలో మన డెల్టా జీవితానికి అన్నిటికన్నా దగ్గరగా ఉన్నది దినచర్య చికిత్స అని నా అభిప్రాయం. పిట్స్‌బర్గ్‌లో ఎలెన్ ఫ్రాంక్ అనే అమెరికా సైకాలజిస్టు, ఆమె సహచరులు దీన్ని రూపొందించారు. ఇందులో రోగి ప్రతి రోజూ ఐదు వేళలు రాసుకుంటాడు. మంచం దిగిన వేళ, మొదటిసారి మరో మనిషితో మాట కలిపిన వేళ, పని మొదలుపెట్టిన వేళ, రాత్రి భోజనం వేళ, పడుకున్న వేళ. ఈ ఐదూ రోజురోజుకూ ఎంత అటూ ఇటూ అవుతున్నాయో చూసి వాటిని నిలకడగా ఉంచడమే పని. నిద్ర చెడితే బైపోలార్ ఉన్నవారిలో మేనియా తన్నుకు రావచ్చు. నిద్ర తగ్గడం జబ్బు వస్తున్నదనడానికి గుర్తు, జబ్బు రావడానికి కారణం కూడా. ఇక మన వైపు నిద్ర ఎన్ని రకాలుగా చెడుతుందో చూడండి. రొయ్యల చెరువులో తెల్లవారుజాము వేళకు ప్రాణవాయువు పడిపోతుంది కాబట్టి ఏరియేటర్లు ఆగకుండా చూడడానికి రాత్రంతా కాపలా ఉండాలి, కరెంటు పోతే జనరేటరు దగ్గరికి పరుగెత్తాలి. పెళ్లి ముహూర్తం అర్ధరాత్రి దాటాక పెడతారు, శివరాత్రికి జాగారం చేస్తారు. కొడుకు అమెరికా నుంచి మాట్లాడేది మనకు అర్ధరాత్రి అయ్యాక. గల్ఫ్‌లో ఉన్న ఇల్లాలి ఫోను ఆవిడ యజమాని ఇంట్లో పని అయ్యాకే వస్తుంది.

తగిన థెరపిస్టు ఇవన్నీ మానేయమనరు, మానేయడం కుదరదని ఆయనకు తెలుసు. చెరువు కాపలా వంతును ఎవరితో మార్చుకోవచ్చో, జీతగాడిని పెట్టుకుంటే ఎంత అవుతుందో, పెళ్లికి వెళ్లి తలంబ్రాలకు ఉండకుండా భోజనం చేసి తిరిగి రావడానికి అత్తవారింటికి ఏ సంజాయిషీ చెప్పాలో, జాగారం చేయలేని మనిషి ఉదయమే అభిషేకం చేయించుకుంటే చాలదా అన్నది మీతో కూర్చుని లెక్క వేస్తారు. ఇదంతా చికిత్సేనా అని ఒక పెద్దాయన నన్ను అడిగారు. బైపోలార్‌లో చాలా భాగం ఇదే చికిత్స.

మందుల సంగతి థెరపిస్టుకు ఎంత తెలిసి ఉండాలి? మందు రాసే హక్కు మాకు లేదు గాని, ఏ మందు మనిషిని ఎలా ఇబ్బంది పెడుతుందో తెలియకపోతే మేము పనికిరాము. లిథియం సంగతే చూడండి. 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ మేనియాకు దాని ఉపయోగాన్ని ప్రకటించారు, ఇన్నేళ్ల తరవాత కూడా అది మొదటి వరస మందుల్లో ఉంది. రక్తంలో దాని మోతాదు సాధారణంగా లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య ఉండాలి, చివరి మాత్ర వేసుకున్న 12 గంటలకు రక్తం ఇవ్వాలి, థైరాయిడ్, కిడ్నీ పరీక్షలు మధ్యమధ్య జరుగుతూ ఉండాలి. ఒంట్లో నీరు, ఉప్పు తగ్గితే ఆ మోతాదు పెరిగి విషమించవచ్చు. మన రోహిణి కార్తె ఎండలలో పొలం పని చేసే మనిషికి, విరేచనాలు పట్టుకున్నవారికి, నీళ్లు కూడా ముట్టకుండా ఉపవాసం ఉండేవారికి ఇది పుస్తకంలో విషయం కాదు. ఒళ్లు నొప్పులకు మందుల షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి బిళ్లలు కూడా లిథియం మోతాదును పెంచుతాయి. చేతులు వణకడం, విపరీతమైన దాహం, బరువు పెరగడం వంటి ఇబ్బందులను రోగి డాక్టరుగారి ఐదు నిమిషాలలో చెప్పలేక, వారం వారం గంటసేపు కూర్చునే మాకు చెబుతాడు. ఆ మాటను సైకియాట్రిస్టుకు చేరవేసే థెరపిస్టు మీకు కావాలి. వాంతులు, తూలడం, మాట తడబడడం కనబడితే సిట్టింగు ఆపేసి ఆసుపత్రికి పంపగలిగేవారు కావాలి. పెళ్లీ, పిల్లలూ ఆలోచనలో ఉన్న ఆడపిల్ల వాల్‌ప్రోయేట్ అనే మరో బైపోలార్ మందు వాడుతుంటే, అది కడుపులో బిడ్డకు హాని చేయగల మందు కాబట్టి, వెంటనే డాక్టరుగారితో మాట్లాడమని చెప్పగలిగేవారు కావాలి. తనంతట తానే మానేయమని చెప్పేవారు అక్కరలేదు.

అందుకే మొదటి సిట్టింగులోనే, మా సైకియాట్రిస్టుగారితో మీరు మాట్లాడతారా అని అడగండి. నా దారి నాది, ఆయన దారి ఆయనది అనే థెరపిస్టు, ఎంత ప్రతిభ ఉన్నా, బైపోలార్‌కు పనికిరారు.

ఈ వెతుకులాట ఎప్పుడు జరగాలి అన్న మాటకు వస్తాను. ఎండాకాలంలో మన కాలువలు కట్టేసి, నీరు లేనప్పుడే లాకులు, తూములు బాగుచేసి, పూడిక తీసి, గట్లు గట్టిపరుస్తారు. వరదలో ఎవరూ తూము తలుపు బిగించరు. బైపోలార్ ఉన్న మనిషి థెరపిస్టును ఎంచుకోవలసినది కూడా రెండు దశల మధ్య బాగున్న నెలల్లోనే. దిగులులో ఉన్నప్పుడు ఎవరు దొరికినా చాలు అనిపిస్తుంది, లేదా ఎవరూ వద్దనిపిస్తుంది. హుషారులో ఉన్నప్పుడు మొదటి సిట్టింగులోనే థెరపిస్టు దేవుడిలా కనబడతాడు, లేదా తనకన్నా తెలివితక్కువవాడిలా కనబడతాడు. ఈ రెండు స్థితులలో చేసిన ఎంపిక నిలవదు. కాని బాగున్న నెలల్లో ఇంట్లోవాళ్లు, బాగానే ఉన్నాడుగా, ఇప్పుడెందుకు ఆ డాక్టర్ల చుట్టూ తిరగడం అంటారు. బస్సు చార్జీ, ఫీజు, ఒక పూట కూలి పోవడం అన్నీ అప్పుడే బరువుగా కనిపిస్తాయి. ఆ మాటను మన్నించి గాని, కాదని గాని, ఎలాగో ఒకలా ఆ నెలల్లోనే వెళ్లాలి. దిగులులో ఉన్నవారు ఆగమని నేను అనడం లేదు, వారు వెంటనే సైకియాట్రిస్టును చూడాలి, థెరపీ కూడా మొదలుపెట్టవచ్చు. ఈ థెరపిస్టే నాకు తగినవారా అన్న తీర్పును మాత్రం తేరుకునే దాకా వాయిదా వేసుకోవాలి.

కుటుంబం గురించి కాస్త వివరంగా చెప్పాలి. మన ఇళ్లలో రోగి ఒక్కడే చికిత్సకు రావడం అరుదు. వెంట అమ్మో, అన్నో, మేనమామో వస్తారు, మాట వారే మొదలుపెడతారు, రోగి నేల చూస్తూ కూర్చుంటాడు. తగిన థెరపిస్టు ముందు రోగితో ఒంటరిగా మాట్లాడి, తరవాత రోగి అనుమతితో కుటుంబాన్ని పిలుస్తారు. అమెరికా సైకాలజిస్టు డేవిడ్ మిక్లోవిట్జ్ రూపొందించిన కుటుంబ చికిత్సలో జబ్బు గురించి అందరూ కలిసి నేర్చుకోవడం, ఒకరినొకరు నొప్పించకుండా మాట్లాడడం, చిక్కులను కలిసి విప్పుకోవడం అని మూడు దశలు ఉంటాయి. మన ఇళ్లలో రెండో దశకే ఎక్కువ కాలం పడుతుంది. మనవాళ్లకు ప్రేమ ఎక్కువ, ఆ ప్రేమ చాలాసార్లు తిట్టు రూపంలో బయటికి వస్తుంది. పెళ్లి చేస్తే కుదురుకుంటాడు అన్న సలహాను థెరపిస్టే ఇస్తే మాత్రం ఆ గదిలోంచి లేచి వచ్చేయండి. పెళ్లి మందు కాదు, జబ్బు దాచి చేసిన పెళ్లి రెండు కుటుంబాలకూ కష్టం.

రహస్యం విషయంలో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మీకు గట్టి రక్షణ ఇచ్చింది. మీ చికిత్స వివరాలను గోప్యంగా ఉంచవలసిన బాధ్యతను దాని 23వ సెక్షన్ చికిత్స చేసేవారిపై పెట్టింది. మీ తరఫున నిర్ణయాలలో సహాయపడే ప్రతినిధిని 14వ సెక్షన్ కింద తెల్లకాగితం మీద రాసి, సంతకమో వేలిముద్రో వేసి నియమించుకోవచ్చు. జబ్బు తిరగబెట్టినప్పుడు మీకు ఏ చికిత్స కావాలో, ఏది వద్దో ముందుగా రాసిపెట్టుకునే వీలు 5వ సెక్షన్ కల్పించింది. ఈ కాగితాలు కూడా బాగున్న రోజుల్లో రాయవలసినవే. వీటితో పాటు నేను ప్రతి కుటుంబంతో ఒక చిన్న ఒప్పందం రాయిస్తాను. వరుసగా రెండు రాత్రులు నిద్ర తగ్గితే ఎవరు ఎవరికి చెప్పాలి, బ్యాంకు కార్డు, బండి తాళం ఎవరి దగ్గర ఉండాలి, డాక్టరుగారికి ఎవరు ఫోను చేయాలి అన్నది రోగి తన చేతితో రాస్తాడు. ఇంట్లోవాళ్లు తన మీద అమలు చేయబోయే షరతులను తానే రాసుకున్నప్పుడు, ఆ రోజు వచ్చినప్పుడు గొడవ పూర్తిగా తప్పదు గాని తగ్గుతుంది. ఇలాంటి కాగితం రాయించే ఆలోచన మీ థెరపిస్టుకు ఉందా అని అడిగి తెలుసుకోండి.

ఎక్కడ వెతకాలి అన్నదానికి ఆశించినంత పెద్ద జవాబు నా దగ్గర లేదు. దేశం మొత్తం మీద లక్ష జనాభాకు ఒక సైకియాట్రిస్టు కూడా లేరు, క్లినికల్ సైకాలజిస్టులు ఇంకా తక్కువ, ఉన్నవారు కూడా నగరాలలోనే ఉన్నారు. కాకినాడ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో మనోరోగ విభాగం ఉంది, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. సెలవు కోసం, ప్రయాణ ఖర్చు కోసం చూసుకునేవారు నెలకోసారి నేరుగా వెళ్లి, మధ్యలో వీడియో ద్వారా సిట్టింగులు పెట్టుకోవచ్చు. హైదరాబాద్‌లో ఉన్న తెలుగు థెరపిస్టు కూడా ఆ విధంగా అందుబాటులోకి వస్తారు. అయితే ఇంట్లో అందరూ తిరిగే వసారాలో కూర్చుని వీడియోలో మాట్లాడితే నిజాలు బయటికి రావు, చెరువు గట్టు మీదో, కారులో కూర్చునో మాట్లాడేవారిని నేను ఎరుగుదును. తెలుగులో మాట్లాడే థెరపిస్టే కావాలని పట్టుబట్టండి. ఇంగ్లీషు బాగా వచ్చినవారికి కూడా కోపం, సిగ్గు, భయం ఇంగ్లీషులో రావు. క్లినికల్ సైకాలజిస్టు దొరకనే దొరకకపోతే, ఉన్న సైకియాట్రిస్టునే నెలకోసారి అరగంట అదనంగా ఇవ్వమని అడగండి. రద్దీ లేని వారం చూసి ఇచ్చేవారు ఉన్నారు. ఎవరి దగ్గరికి వెళ్లాలో తోచనివారు కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోను సేవ 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే అడగవచ్చు.

ఒకసారి మొదలుపెట్టిన థెరపిస్టును మార్చవచ్చా అని చాలామంది మొహమాటపడతారు. తప్పకుండా మార్చవచ్చు. నాలుగైదు సిట్టింగులు గడిచినా ఆయనకు మీ నిద్ర వేళలు గుర్తులేకపోతే, మీరు చెప్పినది మీ ఇంట్లోవారికి మీ అనుమతి లేకుండా చేరిపోతే, మందులు అక్కరలేకుండా నయం చేస్తానంటే, మీ గత దశలలో జరిగినవాటికి మిమ్మల్ని సిగ్గుపడేలా చేస్తే మార్చండి. చేయి వేయరాని చోట చేయి వేసినా, సిట్టింగు పేరుతో వేళగాని వేళ రమ్మన్నా, వెంటనే వచ్చేసి ఇంట్లోవాళ్లకు చెప్పండి, ఫిర్యాదు చేయండి. కాని ఒక్క జాగ్రత్త. థెరపిస్టు మీ హుషారును ప్రశ్నించినందుకు కోపం వచ్చి మార్చాలనిపిస్తే మాత్రం రెండు వారాలు ఆగి, రోజూ వేళలు రాసుకునే నిద్ర చార్టు ఒకసారి చూసుకుని, మీ ఒప్పంద కాగితంలో పేరున్న మనిషితో మాట్లాడి అప్పుడు నిర్ణయించుకోండి. నా దగ్గర మానేసి వెళ్లినవారిలో కొందరు సరైన కారణంతోనే వెళ్లారు, కొందరు మేనియా మొదటి వారంలో వెళ్లారు. ఆ తేడా నాకు కూడా వెంటనే తెలియదు, చార్టు చూస్తేనే తెలుస్తుంది.

చావు గురించిన ఆలోచనలు వస్తున్నవారు థెరపిస్టు కోసం వెతుకుతూ కూర్చోకూడదు. దగ్గరలో ఉన్న ఆసుపత్రికి వెళ్లాలి, 108కి గాని 14416కు గాని ఫోను చేయాలి, ఇంట్లో పురుగుమందు డబ్బాలు, మాత్రల నిల్వలు వేరే వారి చేతిలో పెట్టాలి. పోలీసు కేసు అవుతుందన్న భయంతో దాచేవారు ఇంకా ఉన్నారు. 2017 చట్టం 115వ సెక్షన్ ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి, శిక్షించకూడదు. అతనికి చికిత్స, సంరక్షణ అందించవలసిన బాధ్యత ప్రభుత్వానిది.

మొదటి సిట్టింగుకు వెళ్లేటప్పుడు ఒక కాగితం తీసుకెళ్లండి. గత రెండు వారాలలో పడుకున్న వేళ, లేచిన వేళ, ఇప్పటివరకు వాడిన మందుల పేర్లు, ఏది ఎందుకు మానేశారో, ఇంట్లో రక్తసంబంధీకులలో ఇలాంటి జబ్బుగాని, ఆత్మహత్యగాని ఉంటే ఆ సంగతి, జీవితంలో అన్నిటికన్నా ఎక్కువ హుషారుగా ఉన్న ఒక నెల గురించి నాలుగు వాక్యాలు రాయండి. ఆ చివరి నాలుగు వాక్యాలు మీరు రాయలేకపోతే మీ ఇంట్లో అప్పుడు పక్కన ఉన్నవారి చేత రాయించండి, వారికి మీకన్నా బాగా గుర్తుంటుంది. ఆ కాగితాన్ని థెరపిస్టు చదవకుండా పక్కన పెడితే, మీరు ఏమనుకోవాలో నేను చెప్పనక్కరలేదు.

ఇక ప్రశ్నలకు వెళదాం. నలుగురిలో లేచి అడగడం ఇబ్బందిగా ఉన్నవారి కోసం గుమ్మం దగ్గర బల్ల మీద చీటీలు, పెన్నులు పెట్టారు. పేరు రాయనక్కరలేదు, ఊరూ రాయనక్కరలేదు. మాత్రలు పెంచాలా తగ్గించాలా అన్న ప్రశ్నలు మాత్రం నాకు పంపకండి, వాటికి జవాబు చెప్పవలసినది మీ సైకియాట్రిస్టుగారు.